గోటి పక్కన లేచిన తోలు

మనిషి చెయ్యి ఎలా ఉందో పట్టుచీరకు తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలియదు. డాక్టరు అడిగి తెలుసుకుంటాడు. పట్టు అడగదు. గోటి పక్కన ఆవగింజలో సగమంత తోలు లేచి ఉన్నా సరే, వేలు మీద జరగ్గానే పట్టుకుంటుంది. అప్పుడు సన్నగా ఒక చప్పుడు వస్తుంది. చప్పుడు అనడం కూడా ఎక్కువే. పక్కన కూర్చున్నవాళ్ళకు వినపడదు. వినాల్సినవాళ్ళకు మాత్రం ఇంటి పైకప్పు కదిలినంతగా వినపడుతుంది. ఆపైన చూస్తే, నున్నగా ఉన్న కొంగు మీద ఒక పోగు లేచి నిలబడి ఉంటుంది.

తొంభైల చివర్లో నేను పుంగనూరులో, మా అత్తవారింటి వరండాలో కూర్చుని పట్టుచీరలకు కుచ్చులు కట్టేదాన్ని. చీరలు మదనపల్లె మగ్గాల మీద నేసినవి. మగ్గం మీంచి కోసిన చీరకు కొంగు చివర నేయని పోగులు జానెడు పొడుగున వేలాడుతుంటాయి. వాటిని కొన్ని కొన్నిగా విడదీసి, అరచేతిలో మెలిపెట్టి, జతలు కలిపి ముడులు వేస్తే కుచ్చులవుతాయి. పనంతా వేళ్ళదే. అదే మదనపల్లెలో అంతకుముందు నేను బీకాం చదివాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం వెతికాను. అది కూడా నన్ను వెతికే ఉంటుంది, వేరే ఏదో ఊళ్ళో.

మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక దీపం పెట్టేదాకా ఆ వరండా నాది. ఆ వేళలో నన్నెవరూ పిలవకూడదన్నది మా అత్త పెట్టిన నియమం. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నన్ను పిలవాల్సిన పని ఏదైనా వస్తే తనే లేచి చేసుకునేది. పెళ్ళయి వచ్చిన ఇంట్లో ఆ కాస్త వేళ నాదని చెప్పుకోవడానికి నాకున్న ఆధారం ఆ చీరలే. చీరలు లేకపోతే ఊరికే వరండాలో కూర్చున్న కోడలినవుతాను. అలాంటి కోడలిని ఏ ఊళ్ళోనూ ఎక్కువసేపు కూర్చోనివ్వరు.

చీరలు తెచ్చే ఆయన్ను నేను అన్నా అనేదాన్ని. మదనపల్లె నుంచి మోపెడ్ మీద, తెల్లగుడ్డలో చుట్టిన మూటతో వచ్చేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు మూట విప్పకుండా ముందు ఒక చీర తీసి కొంగు పరిచి చూపించాడు. కుచ్చులకు బెత్తెడు పైన జరీ పక్కన ఒక పోగు లేచి ఉంది. కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేశారట. నేను కట్టినప్పుడు లేచిందని అనలేదు. లేదని కూడా అనలేదు.

"ఇంగోటి ఇట్ల వస్తే నా చేతిలో ఉండదమ్మా. ఆడ మదనపల్లెలోనే కట్టించుకుంటామని మగ్గాలోళ్ళు అంటాండారు," అన్నాడు.

ఆ తర్వాత నేను అద్దంలో మొహం చూసుకోవడం తగ్గించి వేళ్ళు చూసుకోవడం ఎక్కువ చేశాను.

చూస్తే అక్కడ దాచుకోవాల్సింది చాలానే ఉంది. మా వైపు చలికాలం గాలి తోలును ఎండిన ఉల్లిపొర చేస్తుంది. దానికి తోడు చింతపండు, గిన్నెల బూడిద, బట్టల సోడా. టమోటా ధర పడిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు గంపెడు తెచ్చి పడేసి పోయేవాళ్ళు. ఊరగాయకని వాటిని కోస్తూ కూర్చుంటే, ఏ గోటి పక్కన ఎంత చీలిందో ఆ రసమే వెతికి పట్టుకుని చెప్పేది. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు కారణం నా పళ్ళు. నాకు భయం వేస్తే గోటి పక్కన లేచిన తోలును పళ్ళతో పీకే అలవాటు. పీకితే ఇంకాస్త లేస్తుంది. లేస్తే చీర గుర్తొచ్చి భయం వేస్తుంది. ఆపైన ఏం చేస్తానో చెప్పక్కర్లేదు.

కోసుకోవచ్చు కదా అంటే, మా అత్తవారింట్లో వేలి మీదికి ఇనుము రావడానికి చాలా పంచాంగం చూడాలి. మంగళ, శుక్ర, శనివారాలు కుదరదు. అమావాస్య కుదరదు. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా కుదరదు. ఎవరైనా ఊరికి బయల్దేరిన రోజు కుదరదు. దీపం పెట్టాక ఏ రోజైనా కుదరదు. ఇంటి లోపల అసలే కుదరదు. పెరట్లో కూర్చుని కోసుకుని, ముక్కలు ఏరి బయట పారేయాలి. ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో నాకు గుర్తుండేది కాదు. పళ్ళతో పీకడానికి మాత్రం ఏ వారమూ అడ్డు లేదు.

మొదట బజారులో ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి ఒక నెయిల్ కట్టర్ కొన్నాను. దానికి మడతపెట్టే చిన్న ఆకురాయి, చెవి గుబిలి తీసే పుల్ల, ఒక చిన్న చాకు కూడా ఉన్నాయి. అన్ని పనులూ చేసే మనిషి లాగే అది ఏ పనీ సరిగ్గా చేయలేదు. గోరును కొరికేది కానీ తోలును కోసేది కాదు, నలిపి లాగేది. ఆ తర్వాత దారాలు కత్తిరించే కత్తెరతో ప్రయత్నించాను. అది తోలును బాగానే కోసింది. ఎంత బాగా అంటే, ఎక్కడ ఆపాలో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

అప్పుడు కుప్పంలో ఉండే మా అక్క గుర్తొచ్చింది. మా బావ రోజూ రైల్లో బెంగుళూరుకు పనికి పోయి వచ్చేవాడు. అక్క కూడా కొన్నాళ్ళు ఆ రైలెక్కి బ్యూటీషియన్ కోర్సు చేసి, ముందుగదిలో ఒక తెర, ఒక నిలువుటద్దం పెట్టి, దాన్ని పార్లరు అనేది. వచ్చేవాళ్ళతో తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడుతూ కనుబొమలు తీర్చేది. పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళి ఆమె ముందు చేతులు పెట్టాను. అక్క వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమ్మే, వీటిని ఎలకలకు గాని ఏస్తాండావా?" అంది.

తువ్వాలు పరిచి సామాను వరసగా పెట్టింది. గోటి మొదట్లో, చర్మం గోటిని అంటుకుని సన్నటి పొరలా ఉండేదాన్ని క్యూటికల్ అంటారని అప్పుడే విన్నాను. పుట్టినప్పటి నుంచి నాకు పది ఉన్నాయి కానీ పేరు తెలియదు. ఆ పొరను వెనక్కి తోయడానికి ఒక స్టీలు పుల్ల, ఒక చెక్క పుల్ల. స్టీలుది ఎంచుకునేటప్పుడు దాని అంచు మోచేతి లోపలివైపు లేత తోలు మీద గీసి చూడాలట. తెల్ల గీత పడితే వద్దు. లేచిన తోలును కత్తిరించడానికి నిప్పర్. చూడ్డానికి బొమ్మల కొలువులో పెట్టే కటింగ్ ప్లేయర్ లాగా ఉంది. దాన్ని మూసి కిటికీ వైపు పెట్టి చూసింది అక్క. రెండు పళ్ళ మధ్య నుంచి వెలుతురు కనిపిస్తే అది కోయదు, పీకుతుంది. ఆమె దగ్గరున్న రెండింట్లో ఒకదాన్లోంచి కుప్పం స్టేషను దాకా కనిపించింది. రెండోది, ఆ పుల్లలు రెండూ నాకిచ్చింది. వాడిన ప్రతిసారీ వేడినీళ్ళలో మరిగించి తుడిచి పెట్టుకోమంది.

వాడే పద్ధతి కూడా చెప్పింది. ముందు గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు నానాలి. నానకుండా ఏదీ ముట్టుకోకూడదు. చెక్క పుల్లతో మెల్లగా తోయాలి. గోటిని అంటుకున్న పొరను కోయకూడదు. పక్కన విడిగా నిలబడిన తోలు ఒక్కటే కత్తిరించాలి. చివరగా నూనె.

"బతికుండే తోలు జోలికి పోబాకు. సచ్చినదాన్నే కొయ్యి," అంది.

ఏది బతికుందో ఏది చచ్చిందో ఎలా తెలుస్తుందని అడిగాను.

"కోసినాక తెలస్తాది," అంది మా అక్క.

ఇంటికి వచ్చాక ఆ సామాను చూసి, కరెంటాయన ఏమైనా మరిచిపోయి పోయాడా అని అడిగింది మా అత్త. సంగతి చెప్పాను. ఆమె నిప్పర్‌ను దూరంగా పట్టుకుని చూసి, ఇనుము ఇనుమే కాబట్టి కట్టరుకున్న వారాలే దీనికీ వర్తిస్తాయని తీర్పు ఇచ్చింది. చెక్క పుల్లకు మినహాయింపు దొరికింది. స్టీలు పుల్ల సంగతి ఎవరూ అడగలేదు. నేను గుర్తు చేయలేదు.

నూనె దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. వేళ్ళు నున్నబడాలంటే నూనె కావాలి. పట్టుకు నూనె తగిలితే ఆ మరక చీర ఉన్నంతకాలం ఉంటుంది. చివరికి పడుకునే ముందు వేళ్ళకు నెయ్యి రాసుకోవడం, పొద్దున శనగపిండితో కడగడం, చీర ముట్టే ముందు పౌడరు అద్దుకోవడం అలవాటు చేసుకున్నాను. నేను ఎదురొస్తుంటే ఎవరింట్లోనో మైసూర్ పాకు చేస్తున్నారేమో అన్నట్టు వాసన వచ్చేదని మా ఆయన అనేవాడు. కొన్నాళ్ళకు వేళ్ళు దారికొచ్చాయి. పళ్ళు మాత్రం రాలేదు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం పొద్దున అన్న ఒకే ఒక్క చీర తెచ్చాడు. తలంబ్రాల చీర. మీగడ రంగు పట్టు, ఎర్ర అంచు. బి.కొత్తకోటలో పెళ్ళికూతురిదట. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఇది బాగా వస్తే నా గురించి మదనపల్లెలో తను మాట్లాడతానన్నాడు. రాకపోతే ఏమిటన్నది చెప్పలేదు. ఆయన తక్కువ మాట్లాడే మనిషని చెప్పాను కదా. మీగడ రంగు మీద పసుపు కనిపిస్తుంది, నూనె కనిపిస్తుంది, నెత్తురు ఇంకా బాగా కనిపిస్తుంది. ఆయన మోపెడ్ వీధి చివర తిరిగేలోపే నా కుడి బొటనవేలు నోట్లోకి పోయింది. బయటికి వచ్చేసరికి గోటి పక్కన తోలు ముల్లు లాగా లేచి ఉంది.

శుక్రవారం. పైగా ఇంట్లో తలంబ్రాల చీర. నిప్పర్ తీయనిచ్చే ప్రసక్తే లేదని మా అత్త మొహం చూస్తేనే తెలిసింది. తీర్పులో పేరు లేని స్టీలు పుల్ల తీశాను. నీళ్ళు కాచి నానబెట్టే ఓపిక లేదు. భయంలో ఉన్న మనిషికి చెయ్యకూడనివన్నీ గుర్తుంటాయి కానీ వరస తప్పుతుంది. పొడి వేలి మీద, లేచిన తోలును అణిగిపోయేలా తోద్దామని గట్టిగా తోశాను. అది అణగలేదు. గోటి మొదట్లో పొర చిరిగి పుల్ల లోపలికి దిగింది. ఒక్క నెత్తురు చుక్క వచ్చింది. చీర అంత దూరంలో ఉన్నా దాన్ని ఇంకా అవతలికి నెట్టాను.

సాయంత్రానికి వేలు తనే ఒక గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. శనివారం పొద్దునకు గోరుచుట్టు. గోటి చుట్టూ ఎర్రగా వాచి, గాలి తగిలినా ఓర్చుకోలేకుండా ఉంది. మా అత్త నిమ్మకాయకు గాటు పెట్టి, లోపల పసుపు నింపి, నా బొటనవేలికి తొడిగింది. మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మాత్రలు రాసి, కట్టు కట్టి, చెయ్యి తడపొద్దు, పని చెయ్యొద్దు అన్నాడు.  నిమ్మకాయను మాత్రం తీసి బల్ల మీద పెట్టి, అలాంటిది తన క్లినిక్కులో లేనట్టే ప్రవర్తించాడు.

బొటనవేలు లేకుండా కుచ్చు కట్టడం ఎలాగో ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. అన్నకు కబురు చేస్తే వచ్చి చీర తీసుకుపోతాడు. మదనపల్లెలో కట్టిస్తాడు. ఆ తర్వాత అన్నీ అక్కడే కట్టిస్తాడు. ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి రమ్మని మా ఆయనకు చెప్పబోతుంటే మా అత్త అడ్డం వచ్చింది.

"యాల కబురు? నువ్వు సెప్పు, నేను కడతా," అంది.

ఆమె గంగవరం దగ్గర పల్లెలో సేద్యం ఇంట్లో పుట్టిన మనిషి. శనక్కాయలు ఒలిచి, పేడ పిసికి, కలుపు పీకి, ఆపైన ఈ ఇంటి రోలూ తిరగలీ మోసిన చేతులు. ముందు రవికె కోయగా మిగిలిన పట్టుముక్క ఒకటి ఇచ్చి దాని మీద చెయ్యి జరపమన్నాను. ఆ చప్పుడు ఇంతకుముందు నాకు తెలిసిన చప్పుడు కాదు. అయిదు వేళ్ళూ ఒకేసారి పట్టుకున్నాయి. ముక్క చేతికి అంటుకుని పైకి లేచి వచ్చింది. ఆమె దాన్ని చూసింది. చెయ్యి తన కొంగు కింద పెట్టుకుంది. ఎవరింటికో పిలవకుండా వెళ్ళినట్టుగా ఉంది ఆమె మొహం.

వేడినీళ్ళు పెట్టమన్నాను.

శనివారం అన్న సంగతి నాకు గుర్తుంది. ఆమెకు గుర్తుండదని నేననుకోలేదు. పళ్ళెంలో వేళ్ళు నానుతుండగా, ఈ రోజు ఇనుము తగలొచ్చా అని మెల్లగా అడిగాను.

"నా గోర్లకు వారమేంది మే," అంది. "ఇన్నేండ్లలో నేను కోసింది యాడ? పనిలోనే అరిగిపోయినాయి."

నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి మంగళ, శుక్ర, శని అంటూ నాకు లెక్క చెప్పిన మనిషి. ఆ లెక్క తనకు ఎప్పుడూ అవసరం పడలేదు.  శనగపిండి డబ్బా మూత తీస్తూ కూర్చున్నాను, అది ముందే తీసి ఉన్నా.

కుడిచెయ్యికి కట్టు. నిప్పర్ ఎడమచేతిలో. ఆ చేత్తో అంతకుముందు నేను చేసిన పెద్ద పని పళ్ళెం పట్టుకోవడం. నానిన తోలును చెక్క పుల్లతో తోశాను. తోస్తుంటే గోర్ల మొదట్లో ఎప్పుడూ వెలుగు చూడని లేత భాగం కొంచెం కొంచెంగా బయటపడింది. పక్కన నిలబడిన తోలును పట్టుకున్నాను.  అక్క చెప్పిన మాట, దానికి తను చెప్పిన జవాబు రెండూ గుర్తొచ్చాయి. నొప్పిగా ఉందా అని ప్రతి వేలికీ అడిగాను.

"ఉంటే సెప్తాలే. నువ్వు కండ్లు మాత్రం మూసుకోబాకు," అంది.

ఆ రాత్రి నెయ్యి రాసి గుడ్డ చుట్టి పడుకుంది. ఆదివారం పొద్దున కడిగి, పౌడరు అద్ది, పట్టుముక్క మీద చెయ్యి జరిపింది. ఒక వేలు పట్టుకుంది. దాన్ని మళ్ళీ నానబెట్టాం. ఇంకోసారి జరిపింది. ఏ చప్పుడూ లేదు. ఆమె ఆ ముక్కను ఇంకొంచెంసేపు అలాగే నిమురుతూ కూర్చుంది. పరీక్ష అయిపోయిందని నేను చెప్పలేదు.

చీర మడత విప్పాం. పోగులు లెక్కపెట్టి విడదీయడం నా ఎడమచెయ్యి, మెలిపెట్టి ముడివేయడం ఆమె. మొదటి ముడి మేకను గుంజకు కట్టినట్టు బిగించింది. పారిపోదులే అత్తా అన్నాను. విప్పి మళ్ళీ వేసింది. కుచ్చు కుచ్చుకూ నా కళ్ళు ఆమె వేళ్ళ చివర్ల మీదే. నా కట్టు చెయ్యి మందు వాసనతో, పసుపుతో చీరకు ఎక్కడ తగులుతుందోనని వీపు వెనక పెట్టుకుని, ఎవరో కట్టేసిన మనిషిలా కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తినమని మా ఆయన పిలిచాడు. తినేసి వచ్చి మళ్ళీ శనగపిండితో కడగాలంటే ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. తినలేదు.

అన్న వచ్చేసరికి చివరి కుచ్చు అయింది. ఆయన చూపు ముందు నా కట్టు మీద పడింది. ఆపైన చీర మీద. తర్వాత మా అత్త చేతుల మీద కొంచెంసేపు ఆగింది. ఎవరు కట్టారని అడగలేదు. కొంగు ఒళ్ళో పరుచుకుని, కుచ్చులు ఒకటొకటిగా ఎత్తి చూశాడు. బాగా లేవని అనడానికి ఆయనకు ఏదీ దొరకలేదని నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడే, చూడ్డం ముగించినట్టుగా, చూపుడువేలితో కుచ్చుల పైన జరీ పక్క నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి నిమిరాడు.

చప్పుడు వచ్చింది.

మా అత్తకు వినపడింది. ఇప్పుడు ఆమెకు కూడా వినపడుతోంది మరి. అన్న వేలు ఉన్నచోటే ఆగిపోయింది. నున్నటి మీగడ రంగు మీద ఒక పోగు లేచి, ఆయన గోటి పక్కన తోలులో ఇరుక్కుని ఉంది. రోజూ మూటల తాళ్ళు బిగించి, ఎండలో వానలో మోపెడ్ పట్టుకుని తిరిగే వేళ్ళు. ప్రతి గోటి పక్కనా చీలిన వెదురులా ఉంది.

"కదలొద్దన్నా," అన్నాను.

ఎడమచేత్తో సూది తీసి, పోగును తోలు నుంచి విడిపించి, చీర తిప్పి వెనకవైపుకు లాగాను. పోగు మెల్లగా తన చోట సర్దుకుంది. వెలుతురుకు పెట్టి చూస్తే అక్కడేం జరిగిందో చీరకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్ళికూతురికి అసలు తెలియదు.  ఆయన ఇంకా చూపుడువేలు అలాగే గాల్లో పెట్టుకుని ఉన్నాడు, ఎక్కడ దించాలో తెలియక.

మా అత్త నెమ్మదిగా అడిగింది. "ఆ తిరిగొచ్చిన చీరకు లేచిన పోగు, యాడ లేచిందప్పా?"

అన్న తన చేతిని తిప్పి చూసుకున్నాడు. బహుశా చాలా ఏళ్ళ తర్వాత చూసుకోవడం.  మా అత్త లోపలికి వెళ్ళి పళ్ళెంలో వేడినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పెట్టప్పా చెయ్యి. నొప్పి ఉండదు. మా కోడలికి బాగా తెల్సు," అంది.

నాకు బాగా తెలుసని ఎవరైనా అనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. దానికి తగ్గట్టు నేను మొహం పెట్టేలోపే ఆయన చొక్కా చెయ్యి మడిచి వేళ్ళు నీళ్ళలో ముంచాడు. పెద్దమనిషి, పరాయి ఇంటి వరండాలో పళ్ళెంలో చెయ్యి పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళను చూడకుండా ఉండడానికి ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక ఆ గోడతోనే మాట్లాడినట్టు అన్నాడు.

"బండి మీద ఇంగా రెండు చీరలుండాయి. ఈ చెయ్యి ఆరినాక దించుతా."

నేను సరే అన్నాను. చాలా మామూలుగానే అన్నానని అనుకుంటున్నాను.